అధికారం అడిగే రెండు వరుసలు

జూన్ 1, 2009. సోమవారం

నీ కన్నతల్లి పేరు కొట్టేసినవాడికి వచ్చే ఆదివారం కూడా చేతులు జోడించి వందనాలు చెబుతావా, రాజారత్నం?

నిన్న ఆరాధన అయ్యాక మందిరం గుమ్మం పక్కన బోర్డు మీద కాగితం అంటించారు. మూడేళ్ళుగా ప్రభువు బల్లకు రానివారు, సభ్యత్వం రద్దు. పద్నాలుగు పేర్లు. తొమ్మిదోది భాగ్యమ్మ. పక్షవాతం వచ్చి నాలుగేళ్ళుగా మంచం దిగని మనిషి బల్ల దగ్గరికి ఏ కాళ్ళతో నడిచి వస్తుంది?

పేరు లేకపోతే సమాధుల తోటలో చోటు లేదు. నాన్న పక్కన ఆరడుగుల నేల పదకొండేళ్ళుగా ఖాళీగా ఉంది. మాట తిన్నగా ఉన్న రోజుల్లో అమ్మ నవ్వుతూ అనేది, "నన్ను మీ నాన్నకి ఎడం పక్కన పెట్టరా. కుడి చెవి నాకు సరిగ్గా వినపడదు, ఆ గురక నావల్ల కాదు" అని. ఉప్పెన తర్వాత నాగాయలంక నుంచి కట్టుబట్టలతో బందరు వచ్చినప్పుడు ఆమెకి ఇక్కడ సొంతమని దొరికింది ఆ సంఘం ఒక్కటే.

సెక్రటరీ దేవసహాయం మాస్టారు బోర్డు పక్కనే నిలబడి ఉన్నాడు. పదో తరగతిలో నాకు లెక్కలు చెప్పినవాడు.

"మాస్టారూ, ఇదేంటండీ?"

"రూలురా రత్నం. పద్నాలుగు మందికీ అదే రూలు."

"మంచంలో ఉన్న మనిషండీ."

"మంచంలో ఉన్నోళ్ళకి పాస్టరు అయ్యగారు ఇంటికొచ్చి రొట్టె, రసం ఇస్తారుగా. దానికి వేరే నోటుబుక్కు ఉంది. నాలుగేళ్ళలో మీ అమ్మ పేరు అందులో ఒక్కసారి కూడా లేదు. ఇప్పుడైనా పిలువు. బల్ల ఇచ్చి సంతకం పెడతారు, పేరు మళ్ళీ ఎక్కుద్ది. పది నిమిషాల పని."

నేను పిలవాలట! ఏప్రిల్లో నిండు మందిరంలో నా మైకు ఆపించినవాళ్ళ ముందు నేను చేతులు కట్టుకోవాలట. గంటా ఇరవై నిమిషాలు ప్రసంగించానని, వేదాంత కళాశాల మెట్లెక్కనివాడికి కొలత తెలియదని, ఈ మాస్టారే స్విచ్చి వైపు సైగ చేశాడు. నా నోరు కదులుతోంది, శబ్దం లేదు. వెనక బెంచీలో పిల్లలు నవ్వారు. ఆ వారమే సంఘం ఆఫీసు కంప్యూటర్లో నాకున్న అధికారం కూడా తీసేశారు.

నా తల్లి నెలనెలా రొట్టె, ద్రాక్షారసం తీసుకుంటూనే ఉంది. వాళ్ళ నోటుబుక్కులో లేకపోవచ్చు. పరలోకంలో రాసి ఉంది.

జూన్ 2

హామాను పరులకోసం నాటించిన ఉరికొయ్య మీద తనే వేలాడాడు. ఎస్తేరు ఏడో అధ్యాయం. రెండుసార్లు చదివాను. హాయిగా నిద్ర పట్టింది.

జూన్ 6. శనివారం

ఆదివారం పాటలు తెర మీదికి ఎక్కించే పని మాత్రం ఇంకా నాదే. అది చేసేవాడు వేరొకడు దొరకలేదు మరి. కోనేరు సెంటర్లో డీటీపీ షాపులో కూర్చుని, పత్రికతో ఉచితంగా వచ్చిన సీడీ పెట్టుకుని, ఎవరి దగ్గరా నేర్చుకోకుండా నేర్చుకున్నాను. సంఘం కంప్యూటర్లో లినక్స్ ఎక్కించింది నేను. సభ్యుల రిజిస్టరు పుస్తకంలోంచి అందులోకి కొట్టింది నేను. బల్లకు రాని పేర్లు వేరు చేసే ప్రోగ్రాం రాసింది కూడా నేనే, రెండేళ్ళ కిందట. అది వేరే విషయం. మందిరంలో వేసిన హాజరు ఒక్కటే దానికి ఇచ్చారు, అది ఒక్కటే చూసింది.

ఇప్పుడు నేను పాటలు తెరవగలను. రిజిస్టరును చూడగలను, మార్చలేను. మార్చాలంటే మాస్టారి పాస్‌వర్డు కావాలి.

ఈ నెల ఇరవై ఎనిమిదిన సర్వసభ్య సమావేశం. రిజిస్టరు తెర మీద వేస్తారు. ఒక్కో పేరు చదువుతారు, ఆ మనిషి లేచి "స్తోత్రం" అనాలి. పేరు లేనివాడు వెనక బెంచీకి వెళ్ళి కూర్చోవాలి. వాడికి ఓటు లేదు, పోటీ లేదు. మాస్టారు నాలుగోసారి సెక్రటరీగా నిలబడుతున్నాడు.

నాలుగోసారి! ఆయనా, ఆయన భార్యా, కూతురు హన్నా, కొడుకూ, కోడలూ. ఐదు పేర్లు. నిండు సభలో తెర మీద ఆ ఐదు పేర్లు ఉండవు. ఆయన నోరు కదులుతుంది, శబ్దం ఉండదు.

జూన్ 7

మొదటి ఆదివారం. నేను బల్ల దగ్గరికి వెళ్ళలేదు. మధ్యాహ్నం ఇంట్లో అమ్మకి ఇచ్చాను. ద్రాక్షారసం కొంచెం అడ్డుపడి దగ్గింది. "అయ్యగారు రారా నాయనా?" అంది. నేనున్నాను కదా అన్నాను.

జూన్ 10. బుధవారం

మధ్యాహ్నం షాపులో జనం లేని వేళ రాశాను. షెల్ స్క్రిప్టు, అంటే కంప్యూటరుకి వరసగా ఆజ్ఞలు, రాస్తున్నప్పుడల్లా నాకు సువార్తలోని శతాధిపతి గుర్తొస్తాడు. పొమ్మంటే పోయే బంట్లు, రమ్మంటే వచ్చే బంట్లు. ఒక వరుస, ఒక ఆజ్ఞ. కానీ రిజిస్టరు తాకాలంటే ఆ బంటుకి అడ్మినిస్ట్రేటరు అధికారం ఉండాలి. అది నేను ఇవ్వలేను. మాస్టారి చేతే ఇప్పించాలి. ఇస్తున్నది దేనికో ఆయనకి తెలియకూడదు.

అందుకే అన్నిటికన్నా పైన రెండు వరుసలు పెట్టాను. మొదటిది, తనను నడిపిస్తున్నవాడు అడ్మినిస్ట్రేటరేనా అని చూస్తుంది. కాకపోతే రెండోది పాస్‌వర్డు పెట్టె తెరిచి, వచ్చిన అధికారంతో స్క్రిప్టును మళ్ళీ మొదటి నుంచి తానే పిలుస్తుంది. తెర మీద బొమ్మను రెండుసార్లు నొక్కితే చాలు. అడగాల్సింది అదే అడుగుతుంది.

ఈ అధికారం నీకెవరిచ్చారని గుడి పెద్దలు ప్రభువునే నిలదీశారు. నన్నూ నిలదీశారు. ఇక చూడండి.

షాపు మిషను మీద మొదటిసారి నడిపితే పెట్టె వచ్చింది, నా పాస్‌వర్డు కొట్టాను, అంతే. స్క్రిప్టు తనను తాను పిలుచుకుంటూ పోయింది, పిలుచుకుంటూ పోయింది, మిషను బిగుసుకుపోయింది. ఒకసారి పాస్‌వర్డు కొడితే పదిహేను నిమిషాల దాకా మళ్ళీ అడగదు, ఇక దాన్ని ఆపేదేముంది? తప్పు సాయంత్రానికి దొరికింది. లోపలికి వచ్చేటప్పుడు చెప్పిన పేరు చూడమన్నాను. అధికారం వచ్చినా ఆ పేరు మారదు. చూడాల్సింది నంబరు. అడ్మినిస్ట్రేటరు నంబరు సున్నా. మార్చాను. ఒక్కసారి అడిగింది, ముందుకు వెళ్ళింది. హల్లెలూయ.

రిజిస్టరు పాత కాపీ ఒకటి పక్కన దాచుకోమని కూడా రాశాను. ఇక చివరి ఆజ్ఞ దగ్గర ఆగి, ఎంటర్ నొక్కితేనే కదలాలని పెట్టాను. ఐదు పేర్లు పోయేది నా వేలితో పోవాలి.

జూన్ 11

కృపాకుమారి పప్పు పోపు పెడుతూ అడిగింది, "ఏవండీ, ఆ కాగితం చూసి మీలో మీరు నవ్వుకుంటున్నారేంటి? కంప్యూటరుకి కూడా వాక్యం చెబుతున్నారా?"

"చెబితే?"

"దానికి కూడా స్విచ్చి ఉంటుంది కదండీ, జాగ్రత్త."

భార్యకి నవ్వులాట. తిని లేచాను.

గురువారం కదా, హన్నా వచ్చింది. ప్రభుత్వాసుపత్రిలో నర్సు. డ్యూటీ దిగి వచ్చి అమ్మ వీపు పుండ్లకి కట్టు మారుస్తుంది. రెండేళ్ళుగా, అడక్కుండానే. తలుపు బయట నిలబడి లోపలి మాటలు విన్నాను. అమ్మ ఏదో అంటోంది, హన్నా "అలాగేనమ్మా, అలాగే" అంటోంది. వెళ్ళేటప్పుడు నాతో, "అన్నయ్యా, అయ్యగారిని ఎప్పుడు తీసుకురమ్మంటారో నాన్నగారు కనుక్కోమన్నారు" అంది.

"చూద్దాంలేమ్మా."

స్క్రిప్టులో ఆమెది మూడో పేరు.

జూన్ 14. ఆదివారం. గుడివాడ

పామర్రులో బస్సు మారి పదింటికి చేరాను. ఒక ఇంటి ముందు పందిరి వేసి కూటం పెట్టారు. నలభై మంది ఉంటారు. ఇక్కడ స్విచ్చి లేదు, మైకే లేదు. గొంతు చించుకుని హామాను గురించి చెప్పాను. గొయ్యి తవ్వినవాడిని దేవుడు ఆ గొయ్యిలోకే ఎలా నడిపిస్తాడో చెప్పాను. ఇద్దరు లేచి నిలబడి స్తోత్రం చెప్పారు.

చేపల గంప పక్కన పెట్టుకుని ఎల్లమ్మ అనే ముసలావిడ పందిరి నీడలో కూర్చుంది. సంఘస్థురాలు కాదు. పాటలు వినడానికి ఆగిందట. ప్రార్థనకి ముందు చెయ్యెత్తింది.

"అయ్యగారండీ, ఆ ఉరేసినాయనకి పిల్లలున్నారా?"

"పదిమంది కొడుకులమ్మా."

"ఆళ్ళేమయ్యారండీ?"

"వాళ్ళనీ వేలాడదీశారు."

"ఆళ్ళేం చేశారండీ పాపం?"

పందిరి కింద ఎవరో కిసుక్కున నవ్వారు. వాక్యాన్ని అలా ప్రశ్నించకూడదమ్మా అన్నాను. "ప్రశ్న కాదులెండి, తెలీక అడిగా" అని గంప ఎత్తుకుని వెళ్ళిపోయింది.

ముసలమ్మకి ఏం తెలుసు?

జూన్ 16

ఏం తెలుసు.

జూన్ 20. శనివారం

పరీక్ష పెట్టాను. రిజిస్టరు జోలికి వెళ్ళకుండా, అధికారం అడిగి పాటలు మాత్రం తెరిచే స్క్రిప్టు. పాత బొమ్మ తీసేసి దాని చోట ఇది పెట్టాను. మాస్టారు కళ్ళజోడు సర్దుకుని నొక్కాడు.

"ఈ డబ్బా ఏంట్రా కొత్తగా?"

"పాటలు తెరవడానికి అనుమతి అడుగుతోందండీ. కొత్త పద్ధతి."

"పాటలకి కూడా అనుమతా! బాగుందిరా మీ యవ్వారం." ఒక్క వేలితో, ఒక్కో అక్షరం వెతుక్కుంటూ కొట్టాడు. పాటలు తెరుచుకున్నాయి. "చూశావా, అడిగితే ఇచ్చేశాను" అని నవ్వాడు.

నవ్వనీ. ఇంకో వారం.

జూన్ 25. గురువారం

మూడు రోజులుగా అమ్మ అన్నం మింగడం లేదు. డాక్టరు గారు వచ్చి చూసి నన్ను వరండాలోకి పిలిచారు. గొంతు కండరాలు కూడా పోతున్నాయట. గంజి, నీళ్ళు, అదీ చెంచాతో, అదీ కొద్ది రోజులట.

హన్నా కట్టు కట్టి, చేతులు కడుక్కుని వచ్చింది. "అన్నయ్యా, మింగగలిగినప్పుడే అయ్యగారిని పిలిస్తే మంచిది. తర్వాత రొట్టె తడిపి ఇచ్చినా దిగదు."

"మీ నాన్న చెప్పమన్నాడా?"

"కాదు. నర్సుగా చెబుతున్నా."

అమ్మ పేరు నేనే ఎక్కిస్తాను. శనివారం. ఎవరి సంతకం అక్కర్లేదు.

జూన్ 27. శనివారం

అయిపోయింది.

నాలుగు గంటలకి వెళ్ళాను. అసలు స్క్రిప్టు పెట్టాను. అమ్మ పేరు ఎక్కుతుంది, ఆ ఐదు పేర్లు పోతాయి. మాస్టారు బొమ్మ నొక్కాడు. పెట్టె వచ్చింది. వేలితో వెతుక్కుంటూ కొట్టాడు. నల్ల కిటికీ తెరుచుకుని చివరి ఆజ్ఞ దగ్గర ఆగింది. "పాటలు సిద్ధం. ఎంటర్ నొక్కండి" అని రాసి పెట్టాను కదా, అదే కనిపిస్తోంది.

"నేను నొక్కుతానండీ" అని ముందుకు వంగాను.

"ఆగాగు. ప్రార్థన చేయకుండా మొదలుపెట్టాం." కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టి లేచి నిలబడ్డాడు. కళ్ళు మూసుకున్నాడు. నేనూ నిలబడ్డాను. మూసుకోలేదు. ముప్ఫై ఆరేళ్ళ జీవితంలో ప్రార్థన మధ్యలో కళ్ళు తెరిచి ఉండడం ఇదే మొదలు.

కాలవలకి నీళ్ళు వదలాలని ప్రార్థించాడు. నారుమళ్ళ కోసం. సముద్రం మీదికి వెళ్ళినవాళ్ళ కోసం. రేపటి సమావేశం శాంతిగా జరగాలని అడుగుతుండగా నా వేలు చాచి నొక్కాను. ఒక్క క్షణం. తెర మీద ఏమీ జరిగినట్టు లేదు. పాటలు వచ్చాయి.

ప్రార్థన ఆగలేదు.

మనవాళ్ళు మొహం మీద అనలేనిదంతా ప్రార్థనలో అంటారు. కళ్ళు మూసుకుని దేవుడితో అంటే ఎదుటివాడు అడ్డు చెప్పలేడు. కృప పుట్టింటివాళ్ళ సంగతులన్నీ నేను అలాగే అంటాను. మాస్టారు కూడా అదే మొదలుపెట్టాడు.

"ప్రభువా, నీ దాసురాలు భాగ్యమ్మని జ్ఞాపకం చేసుకో. ఆమె కొడుకు, పాస్టరుగా తల మీద ఎవరి చెయ్యీ పడనివాడు, నీ బల్లని ఇంట్లో తన చేత్తో ఇస్తున్నాడు. ఆ తల్లే మా హన్నాతో చెప్పుకుంది. నాకు తెలిసి ఏడాదైంది. కమిటీలో చెబితే వీణ్ణి సంఘంలోంచి వెలేస్తారని నేను దాచాను. దాచడం నా తప్పు. ఆ నోటుబుక్కు నాలుగుసార్లు తిరగేశాను, ఒక్క సంతకం దొరికినా పేరు ఉంచుదామని. దొరకలేదు. వీడు మొండివాడు ప్రభువా. లెక్క తప్పురా అంటే పదో క్లాసులో నోటుబుక్కు చింపి కిటికీలోంచి పారేశాడు. ఆ మొండితనం ఇప్పుడు ఆ తల్లి చోటు తినేస్తోంది. వీడు అడగడు. నువ్వయినా అడిగించు. ఆమేన్."

ఆమేన్ అన్నాను. ఇంకేమనాలి?

ఆయన కళ్ళజోడు పెట్టుకున్నాడు. "టీ తాగుతావా? హన్నా ఫ్లాస్కులో పోసి పంపింది."

పదిహేను నిమిషాలు. అధికారం ఇంకా తెరిచే ఉంది. పాత కాపీ పక్కనే ఉంది. ఒక్క ఆజ్ఞ కొడితే ఐదు పేర్లూ వెనక్కి వచ్చేవి, ఆయనకి ఎప్పటికీ తెలిసేది కాదు. నేను టీ తాగాను. అల్లం వేసిన టీ. కప్పు కింద పెట్టకుండా తాగాను. గోడ గడియారం చూస్తూ తాగాను. ఎందుకు చేయలేదు? ఆయన నన్ను మొండివాడన్నాడు. నా రహస్యం ఏడాదిగా తన జేబులో పెట్టుకుని, ఆదివారం ఆదివారం నాకు వందనాలు చెబుతూ, జాలి పడుతూ తిరిగాడు. మైకు ఆపించినప్పటికన్నా ఎక్కువ మండింది. మండనీ అనుకున్నాను.

పదిహేను నిమిషాలూ అయ్యాక కప్పు కడిగి పెట్టి వచ్చేశాను.

జూన్ 28. ఆదివారం. ఉదయం

అమ్మ మూడు చెంచాల నీళ్ళు తాగింది. నాలుగోది పెదవి పక్కనుంచి కారిపోయింది. కృప తుడిచింది. "మీ అమ్మ రాత్రంతా అయ్యగారినే తలుచుకుందండీ" అని చెప్పి వంటింట్లోకి వెళ్ళింది.

పదింటికి పేర్లు చదువుతారు. భాగ్యమ్మ అని తెర మీద కనిపిస్తుంది, దొంగతనంగా. మంచంలోంచి ఎవరు లేచి స్తోత్రం చెబుతారు? హన్నా పేరు రాదు. ఆ పిల్ల లేవడానికి సిద్ధంగా చేతులు కట్టుకుని కూర్చుంటుంది, చదివేవాడు ఆమెని దాటుకుని వెళ్ళిపోతాడు. మా అమ్మ వీపు కడిగిన చేతులవి.

నా చేత్తో ఇచ్చాను. నాలుగేళ్ళు. రాశాను చూడు, రాజారత్నం, నీ చేత్తోనే రాశాను. ఆమె ప్రతిసారీ అయ్యగారు రారా అని అడిగింది, నువ్వు ప్రతిసారీ నేనున్నానుగా అన్నావు. ఆమె పేరు కొట్టేసినవాడి కోసం నెల రోజులుగా వెతుకుతున్నావు. స్క్రిప్టుకి పైన రెండు వరుసలు పెట్టి అధికారం అడగడం నేర్పావు. నువ్వు ఎవరినీ ఏదీ అడగలేదు.

మాస్టారిని క్షమించానని రాస్తే అబద్ధం. మైకు మరిచిపోలేదు, ఆ ప్రార్థన అసలే మరిచిపోను. ఆయన గుమ్మం తొక్కాలంటే ఇప్పటికీ కోపమే. అయితే ఏంటి? కోపంతోనే వెళ్ళు. అది చల్లారేదాకా అమ్మ ఆగదు.

లే. ఆరాధన తొమ్మిదింటికి. ఏడు కాకముందే ఆయన ఇంటి ముందు ఉండు. ఐదు పేర్ల సంగతి నీ నోటితో చెప్పు, హన్నా ఎదురుగా చెప్పు. ఆయన చేత పాస్‌వర్డు కొట్టించు, ఈసారి దేనికో చెప్పి కొట్టించు, పాత కాపీ వెనక్కి పెట్టు. దాంతో అమ్మ పేరు కూడా పోతుంది, పోనీ. తర్వాత అయ్యగారి ఇంటికి పద. ఇంట్లో బల్ల ఇచ్చింది నేనేనని చెప్పు. వెలేస్తే వెయ్యనీ. మా అమ్మకి బల్ల ఇవ్వండి అని అడుగు, చేతులు కట్టుకుని అడుగు. ఆరాధనకి ముందే రమ్మను. సమావేశం అయ్యాక కాదు, భోజనాలయ్యాక కాదు, వచ్చే మొదటి ఆదివారం అసలే కాదు. ఈ పూట ఆమె గొంతు మూడు చెంచాలు దింపుతోంది. మధ్యాహ్నానికి ఎన్నో నీకు తెలియదు.

పెన్ను పెట్టెయ్యి. చెప్పులు వేసుకో. ఇవాళే, ఇప్పుడే నడువు.